ఊడ్వని గది

కరీంనగర్,
ఫిబ్రవరి 9

తమ్ముడు జగపతికి,

దీవెనలు తర్వాత. ముందు చీవాట్లు.

నీ షుగరు సంగతి వనజ మొన్న ఫోనులో మా రుచితకు చెప్పింది. కోడలు నా చెవి దగ్గరకొచ్చి గట్టిగా చెబితే నాకు తెలిసింది. ఫోను పెట్టుకుంటే నాకు రొద తప్ప మాట వినబడదని నీకు తెలుసు కదా. అందుకే మన పాత పద్ధతిలో ఉత్తరం రాస్తున్నాను.

డాక్టరు రోజూ నడవమన్నాడట. నువ్వు స్టేడియం దాకా బండి మీద పోయి, అక్కడ బెంచీ మీద కూర్చుని లోకం కబుర్లన్నీ చెప్పి, వచ్చేటప్పుడు మిర్చి బజ్జీలు తిని వస్తున్నావట. నీ చొక్కా ఉతుకుతుంటే జేబులో నూనె కాగితం దొరికిందని వనజ ఏడ్చిందట. రిటైరైన మనిషివి, నీకు దొంగతనం కూడా సరిగ్గా చేతకాలేదు.

నీకు నడక కుదరదు. నడకకు పోతే మనుషులు కనబడతారు, మనుషులు కనబడితే నువ్వు కూర్చుంటావు. చిన్నప్పటి నుంచీ అంతే. అందుకని నా మాట విని ఇంటి పని చెయ్యి. దానికి బండి అక్కర్లేదు, బూట్లు అక్కర్లేదు, పక్కన బజ్జీల కొట్టు ఉండదు.

నన్ను చూడు. డెబ్బై రెండు నడుస్తున్నాయి. తెల్లవారకముందే లేచి వాకిలి ఊడుస్తాను, పేడనీళ్లతో అలుకు చల్లుతాను, ముగ్గు వేస్తాను. తర్వాత పెరట్లో పీట వేసుకుని నా బట్టలు నేనే ఉతుక్కుంటాను. జొన్నరొట్టెలు నా చేతివే. నా కాళ్ల కోసం ఇంతవరకు ఏ డాక్టరు గడపా తొక్కలేదు.

రేపటి నుంచి మీ వాకిలి నీది. వనజను అడిగి పుల్లల చీపురు తీసుకో. సిగ్గుపడకు. బజ్జీలు తినేటప్పుడు లేని సిగ్గు చీపురు పట్టేటప్పుడు ఎందుకు?

అక్క
లీలాబాయి


ఆదిలాబాద్,
ఫిబ్రవరి 20

అక్కకు నమస్కారం.

చీవాట్లు అందాయి. దీవెనలు ఇంకా దారిలో ఉన్నట్టున్నాయి.

ఉద్యోగమంతా కలం తప్ప ఏదీ పట్టని చేతికి చీపురు ఇచ్చావు. మొదటి రోజు గాలికి ఎదురుగా ఊడ్చాను. సగం దుమ్ము నా మీదకు, సగం వరండాలోకి వచ్చింది. వనజ పరుగున వచ్చి ముందు గేటు మూసింది. "ఊడిస్తె ఊడ్చిన్రు గని గేటు పెట్టుకోని ఊడ్వున్రి. నాకు పానం బాగలేదనుకుంటరు నల్గురు" అంది.

గేటు మూసినా లాభం లేకపోయింది. ఎదురింటి ఓంప్రకాశ్ మేడ మీద పళ్లు తోముకుంటూ అంతా చూశాడు. "ఏంది సాబ్, వదినమ్మ ఊర్ల లేదా?" అని అక్కడి నుంచే అడిగాడు. ఉంది అన్నాను. "మరి కొట్లాడిన్రా?" అన్నాడు. షుగరు కోసమని చెబితే నమ్మలేదు. సాయంత్రానికి మేమిద్దరం మాట్లాడుకోవడం లేదని గల్లీ అంతా ఖాయం చేసింది.

వాళ్లను మించి బుచ్చవ్వ. ఎన్నో ఏళ్లుగా మా ఇంట్లో పని చేస్తోంది కదా, నా చేతిలో చీపురు చూసి భయపడిపోయింది. "సారూ, నా తప్పేమన్న ఉంటె చెప్పు. గిట్ల నా పొరక గుంజుకుంటె నేనేం గావాలె?" అని కొంగుతో కళ్లొత్తుకుంది. ఆమె పని ఎక్కడికీ పోలేదని, వాకిలి ఒక్కటే నాదని చెప్పి ఒప్పించేసరికి ఆ పూట గడిచింది. ఇప్పుడు అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతూ "గా మూల ఇడిసిపెట్టినవ్ సారూ" అని నాకు చూపిస్తోంది.

ఒక్కటే బాధ. నడుము పట్టేసింది. మంచం మీద అటు ఇటు తిరగలేకపోతున్నాను. ఈ వయసులో నువ్వు రోజూ ఎలా చేస్తున్నావో నాకు అర్థం కావడం లేదు.

తమ్ముడు
జగపతి


కరీంనగర్,
మార్చి 3

తమ్ముడికి,

నడుము పట్టేసిందంటే నువ్వు నడుముతో ఊడుస్తున్నావన్న మాట. మోకాళ్లు కొంచెం వంచి ఒక కాలు ముందుకు పెట్టు. ఉన్నచోటే నిలబడి చెయ్యి చాపి గీకకు, చీపురుతో పాటు నువ్వూ జరుగు. కొంతసేపు కుడిచేత్తో, కొంతసేపు ఎడమచేత్తో ఊడువు. గాలి ఎటు పోతుంటే అటే ఊడువు. ఇంత చదువు చదివినవాడికి గాలి సంగతి కూడా నేనే చెప్పాలా?

వాకిలి అలవాటయ్యాక బట్టలు మొదలుపెట్టు. పీట మీద కూర్చుని ఉతుకు. కూర్చోవడం గొప్ప కాదు, లేవడం గొప్ప. చెయ్యి నేలకు ఆనించకుండా, గోడ పట్టుకోకుండా పీట మీద నుంచి లేవాలి. ఆ ఒక్కటి చేతనైనన్ని రోజులు మనిషి ఎవరికీ బరువు కాడు. అది పోయిందా, ఇక వేరేవాళ్ల చేతుల్లో పడ్డట్టే. ఈ మాట మాత్రం మరిచిపోకు.

ఇక్కడ మా వేపచెట్టు ఆకు రాలుస్తోంది. నిన్న ఊడ్చిన వాకిలి పొద్దున లేచేసరికి మళ్లీ నిండిపోతోంది. ఇవాళ ఎండ ఎక్కేదాకా ఊడుస్తూనే ఉన్నాను. కుప్ప చేసి అంటిస్తే ఆ పొగ వాసన ఎంత బాగుంటుందో నీకూ తెలుసు.

వనజను అడిగానని చెప్పు. బజ్జీలు మానావా?

అక్క


ఆదిలాబాద్,
ఏప్రిల్ 6

అక్కకు,

బజ్జీలు మానాను. ఎవరి మీద ఒట్టు పెట్టమన్నా పెడతాను. మొన్న పరీక్ష చేయిస్తే షుగరు బాగా దిగింది. బెల్టుకు కొత్త చిల్లు పొడిపించుకున్నాను. నడుము నొప్పి పోయింది. నువ్వు చెప్పినట్టే మోకాళ్లు వంచి, చేతులు మార్చి ఊడుస్తున్నాను. పీట మీద నుంచి చెయ్యి ఆనించకుండా లేస్తున్నాను కూడా. మొదట్లో వెనక్కి పడితే బుచ్చవ్వ నవ్వీ నవ్వీ పొలమారింది.

కానీ ఒక పొరపాటు జరిగింది. వనజ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఈసారి ఓంప్రకాశ్ అనుకున్నది నిజమే అయింది.

వనజ వాళ్ల అన్న కరుణాకర్ నిర్మల్ నుంచి వచ్చి రాత్రి ఉండి, పొద్దున బయలుదేరాడు. గేటు దాకా పోయి సాగనంపాను. వచ్చాను, చీపురు తీసుకున్నాను. నా ఊడ్చే వేళ అది. ఆయన కళ్లద్దాలు మరిచిపోయి వెనక్కి తిరిగొచ్చేసరికి నేను ఆయన పడుకున్న గది నుంచి వాకిలి దాకా బరబరా ఊడుస్తున్నాను. గడప దగ్గరే ఆగిపోయి, "బావా, నేనింక సచ్చిపోలే" అన్నాడు.

నాకేమీ అర్థం కాలేదు. మనిషి ఇల్లు దాటగానే ఊడ్చేది శవం లేచినప్పుడేనట. బతికున్న మనిషి ఊరికి పోతే, చేరాడని తెలిసేదాకా చీపురు ముట్టరట. వనజ వంటింట్లోంచి వచ్చి నా చేతిలో చీపురు లాక్కుంది. ఇంత వయసొచ్చింది, ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. చీపురు పట్టని మగవాడికి ఎవరు చెబుతారు? ఫోను చేసి కరుణాకర్‌కు తప్పయిందన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు, ఆయన చెల్లెలు మాత్రం ఊరుకోలేదు.

మే నెలలో వేములవాడకు పోతున్నాను. రాజన్నకు కోడె కట్టే మొక్కు ఒకటి మిగిలిపోయింది. తిరిగొచ్చేటప్పుడు నీ దగ్గర ఒక పూట ఉంటాను. నువ్వు వాకిలి ఊడ్చే తీరు కళ్లారా చూడాలి.

జగపతి


కరీంనగర్,
ఏప్రిల్ 15

తమ్ముడికి,

షుగరు దిగినందుకు సంతోషం.

మే నెలలో రాకు. ఇంటికి సున్నాలు వేయిస్తున్నారు, సామానంతా బయట ఉంటుంది. ఎండలు కూడా ఎక్కువ. వేములవాడ నుంచి నేరుగా ఇంటికి పో. వానలు పడ్డాక చూద్దాం.

ఊడ్చే తీరులో చూడవలసింది ఏమీ లేదు. రాసింది చాలు.

అక్క


ఆదిలాబాద్,
మే 14

అక్కా,

నువ్వు రావద్దన్నా వచ్చాను. ఇంట్లో సున్నం వాసన లేదు.

అక్కడ వాకిలి కూడా లేదు. గేటు నుంచి గడప దాకా నల్లటి గ్రానైటు పరిచి ఉంది. మీవాడు విద్యాధర్ క్వారీ రాయే అనుకుంటాను, మొహం కనబడేంత నున్నగా ఉంది. పోయిన ఏడు రాఖీకి వచ్చినప్పుడు మనం కూర్చున్న వేపచెట్టు చోట కారు నిలబడి ఉంది. రుచితను అడిగాను. "చెట్టా? పోయిన దసరాకు ముంగటనే కొట్టేసినం. అత్తమ్మ జారొద్దని బండలు పరిపిచ్చిన్రు" అంది.

అయితే మార్చిలో నువ్వు ఎండ ఎక్కేదాకా ఊడ్చిన ఆకులు ఏ చెట్టువి అక్కా?

ఎప్పుడు వచ్చినా గేటు దాకా ఎదురొచ్చేదానివి. ఈసారి హాల్లో కుర్చీలో ఉన్నావు. నన్ను చూసి నీ మొహం తెల్లబోయింది. రెండు చేతులతో కుర్చీని పట్టుకుని లేవబోయావు, సగం లేచి మళ్లీ కూలబడ్డావు. నేను చూడలేదనుకుని "కూసో, చాయ్ తాగు" అన్నావు. ఉన్నంతసేపూ నా షుగరు గురించే అడిగావు. కోడలి ముందు నిన్ను అడగడానికి నాకూ నోరు రాలేదు.

నాకు కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. నువ్వు పట్టని చీపురుతో నాకు ఊడ్వడం నేర్పావు. దానితోనే నా ఒళ్లు బాగుపడింది కాబట్టి గట్టిగా తిట్టలేకపోతున్నాను. కానీ బస్సు జగిత్యాల దాటేదాకా నాకు ఏడుపు ఆగలేదు. పక్కనున్నాయన ఎవరన్నా పోయారా అని అడిగాడు.

ఏం జరిగిందో రాయి. ఈసారి ఉన్నది ఉన్నట్టు రాయి.

జగపతి


కరీంనగర్,
మే 27

జగపతీ,

రాఖీకి నువ్వు వచ్చిపోయిన కొద్ది రోజులకే బాత్‌రూంలో జారాను. ఎముక విరగలేదు. "జర జారింది మామా, ఫికర్ లేదు" అని విద్యాధర్ నీకు చెప్పింది అబద్ధం కాదు. కానీ దీపావళి దాకా నన్ను మంచం దిగనివ్వలేదు. దిగాక ఏది ముట్టుకోబోయినా "అత్తమ్మా, మీరు కూసోన్రి" అని రుచిత చేతిలోంచి తీసుకుంది. పిల్ల మంచిది, దాని ప్రేమకు వంక పెట్టను. కూర్చోమంది, కూర్చున్నాను. కూర్చోగా కూర్చోగా లేవడం పోయింది. ఇప్పుడు పొద్దున నన్ను లేపడానికి ఒక మనిషి కావాలి. డాక్టరు మెల్లగా తిరగమనే చెప్పాడు. తిప్పడానికి వాళ్లకు భయం. నిజం చెబితే నాకూ భయమే. ఆ బాత్‌రూం గచ్చు ఇప్పటికీ కళ్లలో ఉంది.

మొదటి ఉత్తరం నిన్ను కదిలించడానికే రాశాను. వాకిలి, అలుకు, ముగ్గు అని రాస్తుంటే నా కాళ్లు కదిలినట్టే అనిపించింది. తర్వాత నువ్వు జవాబు రాశావు. నడుము నొప్పి, గాలి, బుచ్చవ్వ. ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదువుకున్నానో. నువ్వు ఊడుస్తుంటే నేనే ఊడ్చినట్టుండేది. అందుకే ఆపలేకపోయాను. నువ్వు వస్తానన్నప్పుడు మాత్రం సున్నాల సాకు రాశాను.

ఇప్పుడు అసలు సంగతి. విద్యాధర్ ఒక మంచం చూసి వచ్చాడు. ఆస్పత్రుల్లో ఉండేలాంటిది, రెండు వైపులా ఇనుప కడ్డీలు ఉంటాయి. దసరా దాకా చూస్తాడట. అప్పటికి నా అంతట నేను లేవకపోతే ఆ మంచం, పక్కన చూసుకోవడానికి ఒక మనిషి. వాడు నా మంచికే చేస్తున్నాడు. కానీ ఆ కడ్డీల మధ్యకు పోతే నేను మళ్లీ బయటికి రాను జగపతీ. నాకు తెలుసు.

నన్ను ఆదిలాబాద్ రమ్మంటావు. వచ్చి ఏం చెయ్యను? అక్కడ నేను పుట్టింటికొచ్చిన ఆడబిడ్డను. ఇక్కడ ఒట్టి కుర్చీ, అక్కడ కుర్చీకి దిండు కూడా వేస్తారు. వనజ నన్ను చెంబు కూడా ఎత్తనివ్వదు.

అక్క


ఆదిలాబాద్,
జూన్ 10

అక్కకు,

వనజ గురించి నువ్వు సరిగ్గానే రాశావు. నిన్ను తీసుకొచ్చి పని చేయిద్దామంటే నా మీద లేచింది. "పుట్టింటికొచ్చిన ఆడిబిడ్డతోని పొరక పట్టిస్తె నన్ను మనిషంటరా? బుచ్చవ్వ గూడ నా మొకం మీద ఊంచుతది" అంది. షుగరుకు నాకు ఊడ్వడం మందైతే ఆమెకూ మందే కదా అని వాదించాను. మందైతే గోలీ ఇవ్వమంది.

చివరికి నీ ఉత్తరం ఆమె చేతికే ఇచ్చాను. చదివి వంటింట్లోకి పోయింది. బయటికొచ్చి, "వదినను తోల్కరాన్రి. నేనైతె ఆమెకు ఒక్క పని గూడ చెప్ప. ఒట్టు" అంది. మరెందుకు తీసుకురావడం అన్నాను. "గా సంగతి నాకు ఇడిసిపెట్టున్రి. మీరు నడుమల రాకున్రి" అంది. ఆమె మనసులో ఏముందో నాకు తెలియదు.

విద్యాధర్‌తో మాట్లాడాను. "పడితె ఎవలు జవాబు మామా?" అన్నాడు. నేనే అన్నాను. మీ డాక్టరునూ ఫోనులో అడిగాను. పట్టుకోవడానికి ఏదో ఒకటి దగ్గర పెట్టి, మెల్లగా, రోజూ కదిలించమన్నాడు.

ఆదివారం కారు తీసుకుని వస్తున్నాను. పట్టుచీరలు సర్దుకోకు. నూలువి తెచ్చుకో.

జగపతి


ఆదిలాబాద్,
ఆగస్టు 30

అక్కకు,

ఇవాళ పొద్దున నువ్వు విద్యాధర్‌తో కారెక్కావు. ఇల్లు బోసిపోయింది. ఇన్ని రోజులు ఒకే ఇంట్లో ఉండి చెప్పకుండా దాచిన సంగతి ఇప్పుడు చెబుతాను.

నువ్వు వచ్చిన కొత్తలో రొట్టెలు అంచులు మాడి నడుమ పచ్చిగా ఉండేవి, గుర్తుందా? పప్పులో ఉప్పు ఉండేది కాదు. పెళ్లయిన నాటి నుంచి వనజ చేతి వంట అలా ఎన్నడూ లేదు. ఆమెకు ఏమైందోనని నేను పరేషానయ్యాను. నువ్వు మర్యాదకు నోరు మూసుకుని తిన్నావు. చివరికి ఒకనాడు కంచం నెట్టేసి, "గివి రొట్టెలా పిడకలా వనజా? నన్ను జర పొయ్యికాడికి తీస్కపో" అన్నావు. వనజ నీకు చెయ్యి అందిస్తూ నా వైపు చూసి కన్ను గీటింది. అప్పుడు నాకు అర్థమైంది. ఒట్టు తప్పలేదు. నీకు పని చెప్పలేదు, చెడగొట్టి చూపించింది. నేనూ ఆమె దగ్గరే నేర్చుకుని, మరునాటి నుంచి వరండా మూలలు కావాలనే వదిలేశాను.

మొదట కుర్చీలోనే కూర్చుని పిండి పిసికావు. తర్వాత పొయ్యి గట్టు పట్టుకుని నిలబడి రొట్టెలు కాల్చావు. నాలుగు రొట్టెలకే కాళ్లు వణికితే కూర్చోబెట్టాం. ఆషాఢం వానల్లో, నా ఊడుపు చూడలేక, ఒక చెయ్యి గోడకు ఆనించి వరండా ఊడ్చావు. మొదటిసారి పీట మీద కూర్చున్న రోజు మేం ఇద్దరం లేపాల్సి వచ్చింది, నువ్వు ఆ రాత్రి అన్నం తినకుండా ఏడ్చావు. ఇక లాభం లేదనుకున్నాను. నీకు చెప్పలేదు కానీ ఆ మంచం గురించి నేనూ ఆలోచించాను. మరునాడు నువ్వే పీట అడిగావు. గోడ పట్టుకుని లేచావు, తర్వాత బుచ్చవ్వ భుజం పట్టుకుని లేచావు.

రాఖీ నాడు నా చేతికి దారం కట్టి, పీట మీద నుంచి ఏదీ పట్టుకోకుండా లేచి, ఏమీ జరగనట్టు పళ్లెం లోపల పెట్టడానికి పోయావు. నువ్వు చూడలేదు కానీ వనజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చీర పెడితే, "చీర రుచితకిస్త. నాకు గీ పీట ఇయ్యి" అన్నావు. ఆ పీట కారులో నీ కాళ్ల దగ్గర పెట్టింది బుచ్చవ్వే.

నువ్వు పోగానే అలవాటు కొద్దీ చీపురు తీశాను. కరుణాకర్ మాట గుర్తొచ్చి మళ్లీ మూలన పెట్టాను. నీ గది ఎలా ఉందో అలాగే ఉంది. దుప్పటి నలిగి ఉంది, దువ్వెనలో నీ తెల్ల వెంట్రుకలున్నాయి, గడప దగ్గర ముగ్గుపిండి ఒలికి ఉంది. సాయంత్రం నువ్వు చేరావని రుచిత ఫోను చేసింది. "ఇగ ఊడ్వున్రి" అంది వనజ. ఊడ్వనన్నాను. అది రుచిత మాట. కారు చేరడం వేరు, నువ్వు చేరడం వేరు.

గేటు దగ్గర దిగి నీ గదిలోకి నీ కాళ్లతో పోయావా లేదా? నీ చేత్తో రాసి పంపు. అందాకా వాకిలి ఊడుస్తాను, ఆ గది ముట్టుకోను.

జగపతి


కరీంనగర్,
సెప్టెంబర్ 4

తమ్ముడికి,

నాకంటే ముందే మంచం వచ్చి నా గదిలో ఉంది. విద్యాధర్ దసరా దాకా ఆగలేదు. "ఎట్లైనా కావాల్సిందే గదా అని తెచ్చిన అమ్మా" అన్నాడు. కారులోంచి పీట తెప్పించి హాల్లో వేయించాను. కూర్చున్నాను, లేచాను. ఇంకోసారి కూర్చుని లేచాను. అందరూ నోళ్లు తెరిచి చూశారు.

తర్వాత వాణ్ని కూర్చోమన్నాను. కూర్చున్నాడు. లేవమన్నాను. ముందు సోఫా పట్టుకున్నాడు, అది జరిగిపోయింది. చివరికి నా భుజం పట్టుకుని లేచాడు. యాభై కూడా నిండలేదు వాడికి. "మంచం వాపస్ పంపకు బిడ్డా, నువ్వే ఉంచుకో" అన్నాను. రుచిత నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. మంచం మరునాడే తిరిగిపోయింది.

పొద్దున వంటింట్లోకి పోయేసరికి గట్టు మీద పిండి, పెనం పెట్టి ఉన్నాయి. రుచిత నన్ను కూర్చోమనలేదు. వనజ రొట్టెల మర్మం దానికి చెప్పకు, చెడ్డ రొట్టెలు తినే ఓపిక నాకు లేదు.

వాకిట్లో రాయి మీద ముగ్గు నిలవడం లేదు. గేటు అవతల కొంచెం మట్టి ఉంది, అక్కడ వేస్తున్నాను. ఈసారి నిజంగానే. నమ్మకపోతే వచ్చి చూడు, ఎదురొస్తాను.

గేటు నుంచి గది దాకా నా కాళ్లతోనే నడిచాను. చేరాను.

ఇక ఊడ్చుకో.

అక్క